పదకొండు నిమిషాలు

ఫైరింజన్ని షెడ్డు బయటికి తోసి
నూనె మరకల మీద మడత బల్ల వేశాం.
ఏడాదికి ఒక్క మంగళవారం ఇది బడి ఆఫీసు.
హాలక్ కౌంటీలో నాలుగేళ్ళ పిల్లల పేర్లు
ఇక్కడే రాయించుకోవాలి. రాసేది నేనే.
పొద్దున బస్సు తోలేదీ నేనే,
రాత్రిళ్ళు పిలుపొస్తే అంబులెన్సు తోలేదీ నేనే.
మనుషులు పలచబడ్డ చోట
ఒక్కో తలకి మూడేసి టోపీలు.

పుట్టిన కాగితం, టీకాల కార్డు,
ఇక్కడే ఉంటున్నామనడానికి ఓ కరెంటు బిల్లు.
పోస్టుపెట్టె నంబరు చిరునామా కాదండీ అంటే
ఒక తాత చాలాసేపు ఆలోచించి
"రెండు గాలిమరలు దాటాక,
తిరగనిదాని పక్కన" అన్నాడు.
అదే రాసుకున్నాను.

పదహారు కుర్చీలు. మధ్యాహ్నానికి పదకొండు పేర్లు.
పిల్లలు లేక కాదు.
లూథరన్ చర్చి నేలమాళిగలో ఒక బడి ఉంది, దానికి ఫీజు.
లేనివాళ్ళకి ఉచితంగా ఇంకొకటి ఉంది, నలభై మైళ్ళవతల.
రోజూ రానూ పోనూ పెట్రోలు పోయించగలిగితే
వాళ్ళు లేనివాళ్ళెలా అవుతారు?

నాలుగున్నరకి కెండ్రా డ్వోరక్ వచ్చింది.
ఆవులు ఈనే కాలం, చేతులకింకా అయొడిన్ వాసన.
వెనకాలే ఆన్సెల్,
కుడికాలికి ఎర్రబూటు, ఎడమకాలికి అక్కది.
వస్తూనే బల్ల కిందికి దూరి
నా జోళ్ళ లేసులు విప్పడం మొదలెట్టాడు.

కాగితం అందుకున్నాను.
నాకది చదవక్కర్లేదు.
సెప్టెంబరు ఒకటి, రాత్రి పన్నెండూ ఏడు.
ఆగస్టు ముప్పై ఒకటికి నాలుగు నిండాలి, అంతే, రూలు.

మా ఊరి ఆసుపత్రి అప్పటికే మూసేశారు.
ఉన్నదానికి డెబ్బై మైళ్ళు.
బిడ్డ అడ్డం తిరిగాడు, కోసి తీయాలి,
అక్కడ కత్తులు కడిగి పెట్టుకుని కూర్చున్నారు.
వెనక కెండ్రా పళ్ళు బిగించి
నన్నో దేవుణ్ణో తిడుతోంది.
గేటు పడింది.
బొగ్గు రైలు.
నా ఎర్ర లైటు తిరిగి తిరిగి
ప్రతి డబ్బా చెంపా వాయించింది,
ఒక్కటీ తొందరపడలేదు.
పదకొండు నిమిషాలు.
రిపోర్టులో ఆ అంకె వేసింది ఈ చెయ్యే.

"వచ్చే ఏడు" అన్నాను.
కెండ్రా గోడవైపు చూసింది. అక్కడ
పేర్ల పట్టికలో ఐదు గళ్ళు తెల్లగా ఉన్నాయి.
"అవి ఎవరికి?"
"ఎవరికీ కాదు."
రాష్ట్రం తలకింతని డబ్బు పంపుతుంది,
తల ఒక్క రోజు చిన్నదైనా పంపదు.
ఇదంతా చెప్పబోయాను. నోరు పెగల్లేదు.
ఆమెకి ఆ రాత్రి గుర్తుందో లేదో,
ఉన్నా, అనలేదు.
కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో తోసుకుంది.
వాళ్ళు వెళ్ళాక పట్టిక అంచున, గళ్ళకి బయట,
పెన్సిలుతో ఆన్సెల్ అని రాశాను.
అది దేనికీ పనికిరాదు.

ఆరింటికి బల్ల మడిచి, విప్పిన లేసులు కట్టుకుని
ఇంటిదారి పట్టాను.
అదే గేటు. పడే ఉంది.
నా ముందు వాళ్ళ పికప్పు.
అద్దం దించి, మెడ బయటికి సాచి,
వాడు గొంతెత్తి డబ్బాలు లెక్కపెడుతున్నాడు:
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది,
ఇరవై పదకొండు...

కెండ్రా దిద్దలేదు.
నాకూ దిద్దాలనిపించలేదు.
స్టీరింగు మీద గడ్డం ఆనించి
వాడి వెంటే పెదాలు కదుపుతున్నాను.
ఇరవై పన్నెండు. ఇరవై పదమూడు.
చివరి డబ్బా ఇంకా కనబడటం లేదు.